‘కాదు’ వైపు గీత

“నా కొడుక్కు పెండ్లి కాలేదని నేనెట్ల ఏలు పెడతనే? తిన్న అన్నం అరుగుతదా నాకు?”

సారలమ్మ కుడిచెయ్యి చీరకొంగులో చుట్టి దాచుకుంది. ఆమె ముందు గచ్చు మీద స్టాంపు కాగితం ఉంది. పక్కన మూత తీసిన నీలం సిరా డబ్బా ఉంది.

“పింఛను వస్తే అదే అరుగుతది,” అంది కూతురు గంగారత్నం. “రాకపోతే అరిగేందుకు అన్నమే ఉండదు. ఎన్నిసార్లు చెప్పాలె నీకు?”

“వెయ్యిసార్లు చెప్పు. పెట్ట.”

“ఇంకా తొమ్మిది రోజులే ఉన్నది అమ్మా. ఆర్నెల్లు దాటితే ఫైలు మూసేస్తరు. నీ కోడలికీ రాదు, నీకూ రాదు. నీ ఇష్టం మరి.”

భూషణం మధ్యాహ్నం భోజనానికి ఆఫీసు నుంచి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఈ మాటలు విన్నాడు. లోపలికి రావాలా, మళ్ళీ చెప్పులేసుకుని వెళ్ళిపోవాలా అని కూడా ఆలోచించాడు. అల్లుడు కనబడగానే సారలమ్మ కొంగు సర్దుకుంది.

“నువ్వన్న చెప్పు బిడ్డా నీ పెండ్లానికి. ఏడేండ్లు నా కొడుక్కు వండిపెట్టిన పిల్లను పట్టుకొని, ఎవరో దారిన పోయేదని రాయిస్తరా?”

“ఎవరో అని ఎవరన్నరు?” గంగారత్నం గొంతు లేచింది. “నేనేమన్న ఎళ్ళగొడుతున్ననా? నా ఇంట్లనే ఉంటది. నేను తిన్నదే తింటది. కాగితం సంగతి వేరే, మనిషి సంగతి వేరే.”

వంటింటి వెనక గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది. ముగ్గురికీ అది వినబడింది. ముగ్గురూ విననట్టే ఉన్నారు.

గంగారత్నం కోపిష్టిదే గాని చెడ్డది కాదు. తమ్ముడు వెంకన్న గనిలో డ్రిల్లు హెల్పరు. మెదడుకెక్కిన జ్వరంతో నాలుగు రోజుల్లో పోయాడు. పోయిన వారానికే తల్లినీ, మరదలు ఉప్పలమ్మనూ తన క్వార్టరుకు తెచ్చుకుంది. రెండు గదుల ఇంట్లో నలుగురు. ఒక్కరోజూ ముఖం చిట్లించలేదు. కాని మూడోసారి కూడా ఫైలు తిరిగొచ్చాక ఆమెకు ఓపిక పోయింది. ఎవరో చెప్పిన ఉపాయం పట్టుకుని సంత ఊరు గీదం వెళ్ళి కాగితం రాయించుకొచ్చింది. ‘మృతుడు అవివాహితుడు, తల్లి తప్ప వారసులు లేరు’ అని అక్కడి ఆఫీసు భాష హిందీలో ఉంది అందులో.

ఉప్పలమ్మది మారుమనువు. మొదటి మొగుడు వదిలేసి పోతే, ఎర్రబోరులో కులపెద్ద రామనర్సయ్య ఇంటిముందు, పొద్దుగూకే వేళ, వెంకన్న ఆమెకు చీర పెట్టాడు. డప్పు లేదు, పంతులు లేడు. “ఇయ్యాల్టి సంది ఈ పిల్ల వెంకన్న పెండ్లాం” అని రామనర్సయ్య గడపలో నిలబడి మూడుసార్లు గట్టిగా చెప్పాడు. పెళ్ళయిపోయింది. ఆ వాడలో సగం పెళ్ళిళ్ళు అట్లాగే జరిగాయి, కాపురాలు కూడా సుబ్బరంగానే సాగాయి. తర్వాత అడవిలో తుపాకుల గొడవల్లో ఊరు చెల్లాచెదురై రామనర్సయ్య గోదావరి దాటి ఎటో పోయాడు. పెళ్ళి కాగితం తెమ్మంటే ఉప్పలమ్మ ఎక్కణ్ణుంచి తెస్తుంది?

ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. స్టాంపు కాగితం వైపు చూడలేదు. నేరుగా భూషణం దగ్గరికి వచ్చింది.

“అన్నా, నా ఫైలు ఏడ ఆగిందో ఒక్కసారి సూపియ్యవా?”

“ఏం చూపియ్యాలమ్మా? ఆఫీసులో ఉంది.”

“గీడ ఉన్నది గద. అందరి ఫైళ్ళు ఎట్ల పోతయో నువ్వు గీసినవంట. వదిన చెప్పింది.”

గోడమీద అద్దం బిగించిన పటం అది. మూరన్నర పొడవు. నలభై ఒక్క గడులు, వాటిమధ్య బాణాలు. చనిపోయిన కార్మికుడి ఇంటివాళ్ళకు పింఛనో ఉద్యోగమో ఇచ్చే ఫైలు ఏ బల్ల మీద మొదలై ఏ బల్ల మీద ముగుస్తుందో అందులో ఉంటుంది. కంపెనీ స్థాపన దినం నాడు పెద్ద సాబ్ చేతులమీదుగా ఆ పటానికి బహుమతి వచ్చింది. గంగారత్నం దాన్ని రోజూ తుడుస్తుంది. దేవుడి పటాలకు శుక్రవారమే తుడుపు.

టౌన్‌షిప్పులో భూషణాన్ని ‘బాణాలాయన’ అంటారు. పంతొమ్మిదేళ్ళ కిందట డ్రాయింగ్ ఆఫీసులో బొమ్మలకు నకళ్ళు గీసే ట్రేసరుగా చేరాడు. ఆఫీసుకు బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు ఇంజనీర్లంతా మూతి ముడిచారు. భూషణం ఒక్కడే సెలవు రోజుల్లో కూడా దాని ముందు కూర్చుని నేర్చుకున్నాడు. పని అంటే గడి, ప్రశ్న అంటే గాలిపటం ఆకారం, దారి అంటే బాణం. ఆ మూడింటితో అతను ఖనిజం తవ్వడం దగ్గర్నుంచి క్యాంటీన్లో చాయ్ పంచడం దాకా అన్నీ గీసేశాడు. వచ్చే సోమవారం హెడ్డాఫీసుకు వెళ్ళి, అన్ని గనుల వాళ్ళకూ ఈ పటం ఎట్లా గీయాలో నేర్పాలి. అక్కడే పెద్ద ఉద్యోగం అన్నారు.

భూషణం వేలు పెట్టి చూపించాడు. దరఖాస్తు గడి. డాక్టరు కాగితం గడి. దాని కింద గాలిపటం.

“ఇదేంది?”

“అది ప్రశ్న.”

“ఏమడుగుతది?”

“పెళ్ళి కాగితం ఉందా అని.”

“ఉంటే?”

“అవును. ఇట్లా కిందికి పోతుంది.”

“లేకపోతే?”

“కాదు. ఇట్లా పక్కకు.”

“పక్కకు పోయి?”

“ఫైలు వాపస్.”

ఉప్పలమ్మ అద్దం మీద ఆ గీతను చూపుడువేలితో తడిమింది. వేలి తడి అద్దానికంటింది. రోజూ తుడిచే గంగారత్నం దాన్ని తుడవలేదు.

“గంతేనా? ఊర్ల ఎవర్నన్న అడగరా? అత్తను అడగరా?”

“అడగరమ్మా.”

“ఈ గీత ఎవరు పెట్టిన్రు అన్నా?”

భూషణం పటం మీంచి వేలు తీసేశాడు. “ఆఫీసోళ్ళు,” అన్నాడు.

“మార్చరాదా?”

“రాదు.”

అబద్ధం ఆడేవాళ్ళకు సాధారణంగా నాలుగైదు మాటలు కావాలి. భూషణానికి రెండు సరిపోయాయి. అన్నం పెట్టమంటావా అని భార్య అడుగుతుండగానే చెప్పులేసుకుని బయటపడ్డాడు.

*

ఆ గీత భూషణమే పెట్టాడు.

ఆరోజు అతనికి బాగా గుర్తుంది. మర్నాడు పెద్ద సాబ్‌కు పటం చూపించాలి. పటం పూర్తయ్యాక తప్పులు వెతకమని సాఫ్ట్‌వేర్‌కు చెబితే అది తప్పున్న చోట ఎర్ర గుర్తు పెడుతుంది. పెళ్ళి కాగితం ఉందా అన్న గాలిపటం మీద ఎర్ర గుర్తు పడింది. ప్రశ్నకు రెండు దారులు ఉండాలి, ఇక్కడ ఒకటే ఉంది అని దాని ఫిర్యాదు. నిజమే, ‘అవును’ అన్న దారి ఒక్కటే ఉంది. కాదంటే ఏమవుతుందో పర్సనల్ సెక్షన్‌లో ఎవరూ గడిలో పట్టేటట్టు చెప్పలేదు. పక్కనే, సంతకం మరిచిన దరఖాస్తుల కోసం ‘ఫైలు వాపస్’ అన్న గడి ఖాళీగా కనబడింది. భూషణం మౌసుతో అక్కడికొక బాణం లాగాడు. ఎర్ర గుర్తు పోయింది. అతను హాయిగా ఇంటికొచ్చి భోంచేశాడు.

మూడు నెలల తర్వాత కంపెనీ ఆ పటాన్నే కంప్యూటర్లకు ఎక్కించింది. అప్పట్నుంచి గుమాస్తాలు ఆలోచించే పని తప్పింది. గీత ఎటు పోతే ఫైలు అటు పోయింది.

భూషణం ఆఫీసుకు తిరిగి పోకుండా సత్యమూర్తిగారి ఇంటికి నడిచాడు. ఆయన క్వార్టరు రైల్వే వాగన్లు నిలిచే వైపు, చివరి వరసలో ఉంది. పర్సనల్ సెక్షన్‌లో ముప్పయ్యేళ్ళు హెడ్ క్లర్కుగా చేసి ఈ మధ్యే రిటైరయ్యాడు. విజయనగరం వెళ్ళిపోవడానికి సామాన్లు సర్దుతున్నాడు. అట్టపెట్టెల మధ్య బనీనుతో కూర్చున్న మనిషి భూషణాన్ని చూసి కళ్ళజోడు తీశాడు.

“ఏటి భూషణం, ఎండలో ఇలాగొచ్చేవు? కూర్చో, ఆ పెట్టె మీద కూర్చో. అందులో పుస్తకాలే ఉన్నాయిలే.”

“గురువుగారూ, పెళ్ళి కాగితం లేని ఫైళ్ళు మీరేం చేసేవారు?”

సత్యమూర్తి అతన్ని కాసేపు తేరిపార చూశాడు.

“ఇదే ప్రశ్న రెండేళ్ళ కిందట నోటుపుస్తకం పట్టుకుని అడిగేవు కదా. చెప్పేను కదా అప్పుడు.”

“మళ్ళీ చెప్పండి.”

“సంత దాకా ఆపేవాణ్ణి. సంతరోజు గీదం వెళ్ళి, ఆ పోయినోడి ఊరి ఆడాళ్ళు చింతపండో ఇప్పపువ్వో అమ్ముతుంటారు కదా, ఇద్దర్ని చూసుకునేవాణ్ణి. ఒకరి మాట ఒకరికి వినపడకుండా అడిగేవాణ్ణి, ఫలానావాడి పెళ్ళాం ఎవరమ్మా అని. ఇద్దరూ ఒకే పేరు చెప్తే, ‘విచారించాను, నిజమే’ అని రాసి కిందన సంతకం పెట్టీసేవాణ్ణి. మగాళ్ళని అడిగేవాణ్ణి కాదు. ఆళ్ళు కల్లు పోయించినోడి మాట చెప్తారు.”

“ఎప్పుడైనా తప్పయిందా?”

“ముప్పయ్యేళ్ళలో ఒక్కసారి. అదీ ఇద్దరు పెళ్ళాలున్నోడి కేసు.” సత్యమూర్తి నవ్వబోయి, భూషణం ముఖం చూసి మానుకున్నాడు. “అప్పుడు నువ్వు నన్నొకటే అడిగేవు. దీనికెన్ని రోజులు పడుతుందండీ అని. ఒకటో రెండో మూడో సంతలు అన్నాను. అలాగైతే గడిలో రాయడానికి కుదరదండీ అన్నావు.”

“అన్నాను.”

“మరి వదిలీశావు.”

“వదల్లేదు గురువుగారూ. వాపస్‌కు బాణం గీశాను.”

సత్యమూర్తి చేతిలోని తాడుముక్క కింద పెట్టాడు. బయట ఖాళీ వాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ కదిలిన చప్పుడు వచ్చింది.

“నేను దిగిపోయేక కూడా ఇంటికొస్తున్నారయ్యా జనం,” అన్నాడు. “చనిపోయిన ఆయతు పెళ్ళాం వొచ్చింది. బిజ్జా భార్య వొచ్చింది, చంటిపిల్లతోటి. ముప్పై ఏడు ఫైళ్ళు తిరిగొచ్చేయట. పైవోళ్ళు రూలు మార్చీసేరు, నేనేటి చెయ్యనమ్మా అని పంపించీసేను. పైవోళ్ళంటే నువ్వా?”

భూషణం తల వంచుకున్నాడు. ముప్పై ఏడు అన్న లెక్క అతనికి తెలియదు. ఇంట్లో తిరిగొచ్చింది ఒక్కటే కనుక ఒక్కటే అనుకున్నాడు.

“కాగితం ఉందా గురువుగారూ?”

సత్యమూర్తి పెట్టెలోంచి తెల్లకాగితం తీసిచ్చాడు. భూషణం ఒళ్ళో అట్ట పెట్టుకుని రాశాడు. ‘పెళ్ళి కాగితం లేని ఫైలును వాపస్ చేసే వాడుక సెక్షన్‌లో ఎన్నడూ లేదు. ఆ బాణం నేను సొంతంగా గీసినది. దాన్ని తొలగించి, తిరిగిపోయిన ఫైళ్ళన్నీ మళ్ళీ తెరవవలసిందిగా కోరుతున్నాను.’ అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా ఉన్నాయి. ట్రేసరు చెయ్యి కదా.

సత్యమూర్తి చదివి కాగితం తిరిగిచ్చాడు. “బాగుంది. సంతకమేదీ?”

“ఇంటికెళ్ళి పెడతానండీ.”

“పెన్ను చేతిలోనే ఉంది కదయ్యా.”

భూషణం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. సోమవారం ప్రయాణం సంగతి సత్యమూర్తి ఎత్తలేదు. అతను కూడా ఎత్తలేదు.

*

అయిదింటి సైరన్ మోగేటప్పటికి ఇల్లు చేరాడు. ముందుగదిలో ఎవరూ లేరు. గచ్చు మీద కాగితమూ లేదు, సిరా డబ్బా లేదు. అతనికి అది మంచి శకునంలా తోచింది. గొడవ సద్దుమణిగింది అనుకున్నాడు.

పెరట్లో సారలమ్మ బకెట్టు ముందు కూర్చుని ఉంది. చింతపండు ముద్ద పట్టుకుని ఏదో తోముతోంది. ఉప్పలమ్మ పక్కన కూర్చుని నీళ్ళు పోస్తోంది. గంగారత్నం గడపలో నిలబడి ఉంది. మధ్యాహ్నపు కోపం ముఖంలో ఎక్కడా లేదు.

“కూర్చోండి అందరూ,” అన్నాడు భూషణం. “ఒక మాట చెప్పాలి.”

“చెప్పు,” అంది గంగారత్నం.

“ఇందాక ఉప్పలమ్మ అడిగిన గీత నేనే పెట్టాను.”

ఉప్పలమ్మ చేతిలో చెంబు ఆగింది.

అతను ఎర్ర గుర్తు దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాడు. సంతలో ఇద్దరాడవాళ్ళను అడిగే పద్ధతి చెప్పాడు. ముప్పై ఏడు ఇళ్ళ సంగతి చెప్పాడు. చెబుతున్నకొద్దీ గుండె బరువు తగ్గుతున్నట్టుంది. ఆఖరున జేబులోంచి కాగితం తీసి చూపించాడు. “ఇది ఇస్తే ఆ గీత తీసేస్తారు. నీ ఫైలు మళ్ళీ తెరుస్తారమ్మా.”

గంగారత్నం కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

“మార్చరాదు అన్నవు గదన్నా ఇందాక,” అంది ఉప్పలమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. అడుగుతోంది, అంతే.

“అన్నాను. తప్పయింది.”

“రాదు అన్నవని నేనే అత్తను బతిమిలాడిన. నాకెట్లాగూ రాదంట, నీకన్న రానీ అత్తా, ముసలి పానానికి మందులకన్న అయితయి అన్న. రెండు గంటలు ఏడ్చింది. నేనే ఆమె చెయ్యి పట్టుకొని ఏలు పెట్టిచ్చిన.”

భూషణం అప్పుడు చూశాడు సారలమ్మ బొటనవేలు. తోమితోమి చర్మం ఎర్రబారింది గాని నీలం పోలేదు.

“కాగితమేది?” అన్నాడు. “గంగా, కాగితమేది?”

“నాలుగింటికి పోయి కౌంటర్ల ఇచ్చొచ్చిన,” అంది గంగారత్నం. “రసీదు పర్చీ గూడ ఇచ్చిన్రు. రేపు తొమ్మిదింటికి కంప్యూటర్ల ఎక్కిస్తమన్నరు.”

ఎక్కిస్తే ఏమవుతుందో ఆ ఇంట్లో భూషణానికి ఒక్కడికే తెలుసు. వెంకన్న పేరు పక్కన అవివాహితుడు అని పడుతుంది. ఆ గడి నుంచి వెనక్కి వచ్చే బాణం ఒక్కటి కూడా తన పటంలో లేదు. ఏ తల్లయినా అంత అబద్ధానికి వేలు పెట్టి, మర్నాడు తిరిగొచ్చి ఏడుస్తుందని గీసేటప్పుడు అతనికి తోచలేదు.

“వద్దనుకుంటే రేపు పొద్దున్నే తిరిగి తీసుకోవచ్చు,” అన్నాడు తడబడుతూ. “ఎక్కించకముందే వెళ్ళాలి. కాని ఆ కాగితం అబద్ధపు ప్రమాణమని అత్తమ్మ ఒప్పుకోవాలి. రాయించింది ఎవరని నిన్నడుగుతారు.”

“అడగనీ,” అంది గంగారత్నం. “నేను రాయించినందుకు నన్నడుగుతరు. ఏం జేస్తరు, ఉరితీస్తరా?” అని తల్లి పక్కన చతికిలబడి, ఆ నీలం వేలిని రెండు చేతుల్లోకి తీసుకుంది. “అమ్మా, నీ కొడుకును నేనే పెండ్లి కానోణ్ణి చేసిన గదమ్మా,” అని ఏడ్చింది. తమ్ముడు పోయిననాడు కూడా ఆమె అట్లా ఏడవలేదు.

సారలమ్మ కూతుర్ని ఓదార్చలేదు, తిట్టలేదు. “వాని పెండ్లినాడు నేను కోడిని కోసిన,” అంది ఎటో చూస్తూ. “రామనర్సయ్య మూడుసార్లు చెప్పిండు. నేనీ చెవులతోటి విన్న. మల్ల నేనే కాలేదని ఏలు పెట్టిన.”

ఉప్పలమ్మ చెంబు కింద పెట్టి లేచింది.

“అత్తను ఆఫీసు కాడ నిలబెట్టొద్దు. వదిన గూడ పోవద్దు,” అంది. “రేపు నేను పోత. వెంకన్న పెండ్లాన్ని నేను, ఆ కాగితం తప్పు అని నేనే చెప్త. ఎట్ల నమ్మాలె అంటరు. సంతల అడగమంట. అట్ల అడగరు, రూలు లేదు అంటరు. అప్పుడు నువ్వు నా పక్కన నిలబడి, ఆ రూలు ఆఫీసుది కాదు నాది, తప్పుగ గీసిన అని ఒక్క మాట చెప్పాలె. సాబ్ ముందల. అందరి ముందల. చెప్తవా అన్నా?”

భూషణం చేతిలో కాగితం ఉంది. దానికింద ఇంకా సంతకం లేదు. పెరట్లో తన వాళ్ళ మధ్య చెప్పుకున్నంత తేలిక కాదు అది. పెద్ద సాబ్ ముఖం గుర్తొచ్చింది. సోమవారం బండి గుర్తొచ్చింది. పంతొమ్మిదేళ్ళలో గీసిన పటాలన్నీ ఇక ఒక్కొక్కటే తీసి, ఇందులో నువ్వు సొంతంగా గీసిందేది అని అడుగుతారని తోచింది.

అతను చెప్తాననే అనబోయాడు. అది నిజం. కాని అనడానికి ముందు ఆగాడు. ఎంతసేపో కాదు, మనిషి ఒకసారి దగ్గినంత సేపు.

ఉప్పలమ్మ అతని ముఖంలోకి చూసింది. “సరేలే అన్నా,” అంది మెల్లగా.

“చెప్తానమ్మా. చెప్పనని ఎవరన్నారు?”

ఆమె వినిపించుకోలేదు. దండెం దగ్గరికి వెళ్ళి, ఆరేసిన తన రెండు చీరల్నీ తీసి మడతపెట్టి మూట కట్టడం మొదలుపెట్టింది.